పవన విద్యుత్ రాయితీల వివాదం

పవన విద్యుత్ రాయితీల వివాదం అనగా గాలిమరలతో వాణిజ్య స్థాయిలో విద్యుత్తును ఉత్పత్తి చేసే సంస్థలకు ప్రభుత్వాలు ఇచ్చే పన్ను మినహాయింపులు, నగదు ప్రోత్సాహకాలు, హామీ ధరలు ఎంతవరకు సమంజసమన్న విషయంపై జరుగుతున్న చర్చ. ఈ చర్చ అనేక దేశాలలో ఉన్నది. భారతదేశంలో ఇది 1990ల నుంచి సాగుతూ, 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విద్యుత్ కొనుగోలు ఒప్పందాలను తిరగదోడ ప్రయత్నించడంతో న్యాయస్థానాలకెక్కింది. ఈ వ్యాసం ప్రధానంగా భారతదేశానికి, అందునా ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించినది.

రాయితీ ఇవ్వాలా వద్దా అన్నదొక్కటే ఈ వివాదానికి మూలం కాదు. గాలిమరను నిలబెట్టినందుకు డబ్బు ఇవ్వాలా, అది తిరిగి కరెంటు పుట్టించినందుకు ఇవ్వాలా, ఆ డబ్బు పన్ను చెల్లింపుదారుడు భరించాలా లేక విద్యుత్ వినియోగదారుడు భరించాలా, ఒకసారి ఇచ్చిన హామీని తరువాతి ప్రభుత్వం వెనక్కు తీసుకోవచ్చునా అన్నవి అసలు ప్రశ్నలు. భారతదేశపు అనుభవంలో గాలిమరలు ఎవరు పెట్టారు, ఎక్కడ పెట్టారు, అవి ఎంత బాగా తిరిగాయి అన్న మూడింటినీ రాయితీ మొత్తం కన్నా రాయితీ రూపమే ఎక్కువగా నిర్ణయించింది.

'''రాయితీ రూపాలు'''

పవన విద్యుత్ కేంద్రానికి ఖర్చంతా మొదట్లోనే వస్తుంది. టర్బైను, స్తంభం, పునాది, కొండ మీదకు రోడ్డు, సబ్‌స్టేషను వరకు తీగ, వీటన్నిటికీ ముందే పెట్టుబడి పెట్టాలి. ఆ తరువాత ఇంధనం ఖర్చు లేదు. బొగ్గు కేంద్రానికి దీనికి భిన్నంగా పాతికేళ్ళపాటు ఇంధనం కొంటూనే ఉండాలి. అందువలన పవన విద్యుత్తు యూనిట్ ధర ప్రధానంగా రెండు విషయాలపై ఆధారపడుతుంది: అప్పుపై వడ్డీ ఎంత, గాలి ఎంత వీచింది. ప్రభుత్వ సహాయం ఏదైనా చివరికి ఈ రెండు నష్టభయాలలో ఒకదానిని తగ్గించేదే.

సహాయంలో కొంత ప్రభుత్వ బడ్జెట్టులో కనిపిస్తుంది. నగదు ప్రోత్సాహకాలు ఇటువంటివి. కొంత వసూలుకాని పన్ను రూపంలో ఉంటుంది. మిగిలినది బడ్జెట్టులో ఎక్కడా కనిపించదు. పంపిణీ సంస్థ ఎక్కువ ధరకు కొనడం, ప్రసార చార్జీలు మాఫీ చేయడం, గాలి వీచిన నెలలో ఇచ్చిన కరెంటును మరో నెలలో వాడుకోనిచ్చే బ్యాంకింగ్ సౌకర్యం ఈ కోవలోనివి. వీటి భారం కరెంటు బిల్లులో కలిసిపోతుంది. ఇది రాయితీయా కాదా అన్నదానిపైనే ఏకాభిప్రాయం లేదు. 2001 మార్చిలో ఐరోపా న్యాయస్థానం జర్మనీకి చెందిన ఒక వ్యాజ్యంలో, ప్రైవేటు విద్యుత్ సంస్థలు నిర్ణీత ధరకు కొనాలని చట్టం శాసించినంత మాత్రాన అది ప్రభుత్వ ధనంతో ఇచ్చిన సహాయం కాదని తీర్పు చెప్పింది. న్యాయపరంగా అది నిలిచినా, బిల్లు కట్టే గృహస్థుకు ఆ తేడా పెద్దగా తెలియదు.

'''ఇతర దేశాలలో'''

జర్మనీ 1991 నుంచి పవన విద్యుత్తును వినియోగదారులు చెల్లించే సగటు ధరలో 90 శాతానికి కొనాలని విద్యుత్ సంస్థలను శాసించింది. 2000 నాటి పునరుత్పాదక ఇంధన చట్టం దీనిని ఇరవై ఏళ్ళ స్థిర ధరగా మార్చింది. ఈ భారం బిల్లులపై అదనపు సుంకంగా పడుతూ 2017లో యూనిట్‌కు 6.88 యూరో సెంట్లకు చేరింది. పెద్ద పరిశ్రమలలో చాలావాటికి దీనినుంచి మినహాయింపు ఉండటం అక్కడి విమర్శలలో ముఖ్యమైనది. 2022 జూలైలో ఆ సుంకాన్ని సున్నా చేసి, ఖర్చును కేంద్ర బడ్జెట్టుకు మార్చారు.

అమెరికా 1992లో ఉత్పత్తి పన్ను రాయితీని ప్రవేశపెట్టింది. అక్కడి చిక్కు రాయితీ పరిమాణం కాదు, దాని నిలకడలేమి. 1999, 2001, 2003 సంవత్సరాల చివర గడువు ముగిసిపోనిచ్చినందున ఆ మరుసటి ఏడాదులలో కొత్త నిర్మాణం కుప్పకూలి, పొడిగింపు రాగానే తిరిగి లేచింది. 2025 జూలైలో చేసిన చట్టం ప్రకారం 2026 జూలై 4 లోపు నిర్మాణం మొదలుపెట్టని కేంద్రాలు 2027 ముగిసేలోగా పని ప్రారంభిస్తేనే రాయితీకి అర్హమవుతాయి.

'''భారతదేశంలో ఆరంభం'''

1970ల చమురు సంక్షోభం తరువాత కేంద్ర ప్రభుత్వం 1982లో సంప్రదాయేతర ఇంధన వనరుల విభాగాన్ని ఏర్పాటుచేసింది. అది 1992లో మంత్రిత్వ శాఖ అయింది. 2006లో నవీన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖగా పేరు మార్చుకున్నది. 1980ల మధ్యలో గుజరాత్, మహారాష్ట్ర, తమిళనాడు, ఒడిషా తీరాలలో ప్రయోగాత్మకంగా చిన్న గాలిమరలు నెలకొల్పారు. 1987లో ఏర్పడిన ఇరెడా సంస్థ ఈ రంగానికి రుణాలివ్వడం మొదలుపెట్టింది.

ప్రైవేటు పెట్టుబడి 1990ల ఆరంభంలో వచ్చింది. కేంద్రం రాష్ట్రాలకు ఇచ్చిన మార్గదర్శకాలలో యూనిట్‌కు 2 రూపాయల 25 పైసలు, ఏటా 5 శాతం పెంపుతో కొనుగోలు చేయవలసిందని సూచించింది. తమిళనాడులో పాలఘాట్, ఆరల్వాయ్‌మొళి కనుమల గుండా వీచే గాలికి తోడు, సొంత వాడకానికి కరెంటు అవసరమైన నూలు మిల్లులుండటం వలన ముప్పందల్ పరిసరాలు దేశంలో తొలి పెద్ద పవన విద్యుత్ క్షేత్రంగా మారాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇదే దశకంలో అనంతపురం జిల్లా రామగిరి కొండలపై గాలిమరలు లేచాయి.

'''తరుగుదల రాయితీ'''

ఈ తొలి దశను నడిపినది ఆదాయపు పన్ను చట్టంలోని త్వరిత తరుగుదల సదుపాయం. యంత్రం ఏటా కొంత అరిగిపోతుందని భావించి, ఆ మేరకు విలువను లాభంలోంచి తీసివేసి పన్ను కట్టడం మామూలు పద్ధతి. గాలిమరకు ఈ తీసివేతను 1990లలో మొదటి ఏడాదిలోనే నూరు శాతం చేసుకోనిచ్చారు. 2000ల దశకంలో ఇది 80 శాతంగా ఉన్నది.

దీని పనితీరును ఒక ఊహా ఉదాహరణతో తెలుసుకోవచ్చు. ఒక సంస్థ 6 కోట్ల రూపాయలతో ఒక మెగావాట్ గాలిమర పెట్టిందనుకుందాం. మొదటి ఏడాది 80 శాతం, అనగా 4 కోట్ల 80 లక్షలు, తన ఇతర వ్యాపారపు లాభంలోంచి తీసివేయవచ్చు. పన్ను రేటు 30 శాతమైతే ఆ ఏడాది కట్టవలసిన పన్ను 1 కోటి 44 లక్షలు తగ్గుతుంది. ఇది శాశ్వత మాఫీ కాదు. తరువాతి సంవత్సరాలలో తీసివేయడానికి తరుగుదల మిగలదు కనుక ఆ పన్నులో చాలాభాగం మెల్లగా తిరిగి ఖజానాకు చేరుతుంది. అయినప్పటికీ ఇప్పటి రూపాయికి, పదేళ్ళ తరువాతి రూపాయికి ఉన్న తేడాయే పెట్టుబడిదారుకు లాభం.

ఇక్కడ గమనించదగినది ఒకటుంది. ఈ లాభం పొందడానికి గాలిమర తిరగనక్కరలేదు, నిలబడి పని ప్రారంభించినట్లు చూపితే చాలు. పైగా దీనిని వాడుకోవడానికి వేరే వ్యాపారంలో పన్ను కట్టవలసిన లాభం ఉండాలి. అందువలన తొలినాళ్ళ గాలిమరల యజమానులలో విద్యుత్ రంగంతో సంబంధంలేని వస్త్ర, సిమెంటు, వాహన పరిశ్రమలు, చివరకు సినిమావారు కూడా కనిపిస్తారు. లాభాలు ఎక్కువున్న ఏడాది ఒకటి రెండు గాలిమరలు కొనడం పన్ను సలహాదారుల మామూలు సలహా అయింది. ఆస్తిని ఏడాదిలో 180 రోజుల కన్నా తక్కువ వాడితే సగం తరుగుదలే ఇస్తారు కనుక, సెప్టెంబరు చివర, మార్చి చివర హడావుడిగా గాలిమరలు ప్రారంభించేవారు. గాలి మే నుంచి సెప్టెంబరు వరకు వీచే దేశంలో, గాలికాలం ముగిసే వేళకు యంత్రాలను ప్రారంభించడం ఈ పద్ధతి చేసిన వింతలలో ఒకటి.

1996లో కేంద్ర బడ్జెట్టు కనీస ప్రత్యామ్నాయ పన్నును విధించగానే తరుగుదలతో పన్ను పూర్తిగా తప్పించుకొనే వీలు తగ్గింది. ఆ తరువాతి రెండు మూడేళ్ళు కొత్త గాలిమరల సంఖ్య బాగా పడిపోయింది. దీనికి ఇతర కారణాలు లేకపోలేదు, కాని పరిశ్రమ గాలి కన్నా పన్ను చట్టంపైనే ఎక్కువగా నడుస్తున్నదన్న విమర్శకు ఇది బలమిచ్చింది. అయితే సమర్థకుల జవాబు కూడా కొట్టివేయదగినది కాదు. ఆ తొలి పెట్టుబడి లేకుండా దేశంలో టర్బైన్ల తయారీ పరిశ్రమ, నిర్మాణ నైపుణ్యం పుట్టేవి కావని, 1995లో పూణెలో మొదలైన సుజ్‌లాన్ వంటి సంస్థలకు తొలి మార్కెట్టు అదేనని వారంటారు.

'''ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకం'''

ఈ విమర్శకు సమాధానంగా 2009 డిసెంబరులో కేంద్రం ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహకాన్ని ప్రకటించింది. గ్రిడ్‌కు ఇచ్చిన ప్రతి యూనిట్‌కు 50 పైసలు, మెగావాట్‌కు మొత్తం 62 లక్షల రూపాయల పరిమితితో, కొనుగోలు ధరకు అదనంగా చెల్లిస్తారు. త్వరిత తరుగుదల తీసుకున్నవారికి ఇది లేదు. ఏదో ఒకటే ఎంచుకోవాలి. దీనితో పన్ను లాభం అక్కరలేని, విద్యుదుత్పత్తే వ్యాపారంగా గల సంస్థలు, విదేశీ పెట్టుబడిదారులు ఈ రంగంలోకి వచ్చారు. ఇంతకు ముందు ఒకటి రెండు మరలు కొన్నవారి స్థానంలో వంద మెగావాట్ల క్షేత్రాల యజమానులు వచ్చారు.

2012 మార్చి 31తో ప్రోత్సాహకం గడువు ముగిసింది. అప్పుడే గాలిమరలకు త్వరిత తరుగుదలనూ తొలగించారు. ఫలితంగా 2011-12లో సుమారు 3,200 మెగావాట్లున్న కొత్త సామర్థ్యం 2012-13లో సుమారు 1,700 మెగావాట్లకు దిగింది. 2013లో ప్రోత్సాహకాన్ని మెగావాట్‌కు కోటి రూపాయల పరిమితితో పునరుద్ధరించారు. 2014 జూలై బడ్జెట్టులో తరుగుదలనూ తిరిగి ఇచ్చారు. 2017 ఏప్రిల్ 1 నుంచి తరుగుదల 40 శాతానికి తగ్గింది. ప్రోత్సాహకం ఆ ముందురోజుతో ముగిసింది. గడువులోగా పూర్తిచేయాలన్న తొందరలో 2016-17లో దేశంలో సుమారు 5,500 మెగావాట్లు వచ్చాయి. అప్పటివరకు ఒక్క ఏడాదిలో ఇంత సామర్థ్యం ఎన్నడూ రాలేదు. అందులో సుమారు 2,190 మెగావాట్లు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే నెలకొన్నాయి.

50 పైసలు చిన్న మొత్తంగా కనిపించవచ్చు. ఒక మెగావాట్ గాలిమర ఏడాది పొడవునా పూర్తి సామర్థ్యంతో తిరిగితే 87 లక్షల 60 వేల యూనిట్లు వస్తాయి. గాలి ఎప్పుడూ ఒకే తీరున ఉండదు కనుక అందులో 23.5 శాతం వస్తుందనుకుంటే సుమారు 20 లక్షల 60 వేల యూనిట్లు, వాటిపై ప్రోత్సాహకం ఏటా 10 లక్షల రూపాయలకు కాస్త ఎక్కువ. కోటి రూపాయల పరిమితి చేరడానికి దాదాపు పదేళ్ళు పడుతుంది.

'''వేలం విధానం'''

అంతవరకు పవన విద్యుత్ ధరను రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్ళు ఖర్చు లెక్కకట్టి, దానిపై నిర్ణీత రాబడి కలిపి నిర్ణయించేవి. 2003 విద్యుత్ చట్టం పునరుత్పాదక విద్యుత్తును ప్రోత్సహించే బాధ్యతను మండళ్ళకు అప్పగించింది. పంపిణీ సంస్థలు తమ కొనుగోలులో ఇంత శాతం పునరుత్పాదక విద్యుత్తు ఉండాలన్న నియమం దాని నుంచి వచ్చినదే.

2017 ఫిబ్రవరిలో కేంద్ర సంస్థ సెకీ తొలిసారి పవన విద్యుత్తుకు వేలం నిర్వహించింది. ఎవరు తక్కువ ధరకు ఇస్తామంటే వారికే ఒప్పందం. ధర 3 రూపాయల 46 పైసలకు దిగింది. అదే ఏడాది అక్టోబరులో 2.64, డిసెంబరులో గుజరాత్ రాష్ట్ర సంస్థ వేలంలో 2.43 రూపాయలు పలికాయి. రాయితీలు అనవసరంగా ఎక్కువ ధర చెల్లించేలా చేశాయన్నవారికి ఇంతకన్నా బలమైన సాక్ష్యం దొరకలేదు. కాని ఈ విషయానికి మరో పార్శ్వమున్నది. ధరలు పడిపోగానే రాష్ట్రాలు పాత పద్ధతిలో ఒప్పందాలు చేసుకోవడం మానేశాయి. 2017-18లో కొత్త సామర్థ్యం సుమారు 1,770 మెగావాట్లకు పడిపోయింది. తక్కువ ధరకు గెలిచినవారు గాలి బాగా వీచే గుజరాత్, తమిళనాడులకే పరిమితమయ్యారు. భూమి, ప్రసార మార్గాలు దొరకక పలు ప్రాజెక్టులు ఏళ్ళ తరబడి ఆలస్యమయ్యాయి. వేలంలో పలికిన ధర వేరు, ఆ ధరకు నిజంగా కరెంటు రావడం వేరు. ఈ తేడా ఆంధ్రప్రదేశ్ వివాదంలో కీలకమైంది.

'''ఆంధ్రప్రదేశ్‌లో'''

హామీ ధరపై రాష్ట్రంలో వివాదం 2019తో మొదలు కాలేదు. 1997లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం కేంద్ర మార్గదర్శకాలననుసరించి 2 రూపాయల 25 పైసల ధరను, ఏటా 5 శాతం పెంపును సంప్రదాయేతర విద్యుదుత్పత్తిదారులకు ప్రకటించింది. తరువాత ఏర్పడిన నియంత్రణ మండలి 2004 మార్చిలో ధరలను సవరించి తగ్గించింది. ప్రభుత్వ హామీని నమ్మి పెట్టుబడి పెట్టామని ఉత్పత్తిదారులు న్యాయస్థానాలకు వెళ్ళారు. 2010లో సుప్రీంకోర్టు ధరల నిర్ణయాన్ని తిరిగి పరిశీలించవలసిందిగా మండలికే పంపింది. పదిహేనేళ్ళ తరువాత ఇంచుమించు అవే వాదనలు మళ్ళీ వినిపించాయి.

2014లో రాష్ట్ర విభజన తరువాత గాలి వనరు ఎక్కువగా ఉన్న రాయలసీమ జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో మిగిలాయి. తెలంగాణలో పవన విద్యుత్ సామర్థ్యం 128 మెగావాట్లు మాత్రమే. 2015 ఫిబ్రవరిలో ప్రకటించిన పవన విద్యుత్ విధానంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అయిదేళ్ళలో 4,000 మెగావాట్లను లక్ష్యంగా పెట్టుకున్నది. నియంత్రణ మండలి అదే ఏడాది చేసిన నియమావళి కింద తరుగుదల రాయితీ తీసుకోని కేంద్రాలకు యూనిట్‌కు 4.83, మరుసటి ఏడాదికి 4.84 రూపాయల ధర పాతికేళ్ళకు ఖరారైంది. అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల కొండలపై గాలిమరలు వేగంగా లేచి, 2019 మార్చి నాటికి రాష్ట్ర సామర్థ్యం 4,090 మెగావాట్లకు చేరింది. లక్ష్యం నెరవేరింది. చిక్కు కూడా అక్కడే మొదలైంది.

పంపిణీ సంస్థల ఫిర్యాదు ఇది. తాము కొనవలసిన నిర్బంధ శాతం కన్నా ఎంతో ఎక్కువ పునరుత్పాదక విద్యుత్తును కొనవలసి వచ్చింది. రాయలసీమలో గాలి బలంగా వీచేది నైరుతి రుతుపవనాల కాలంలో. వానలు పడినప్పుడు పొలం మోటార్ల వాడకం, ఇళ్ళలో చల్లదనపు యంత్రాల వాడకం తగ్గుతుంది. పవన విద్యుత్తును తప్పనిసరిగా తీసుకోవాలన్న నియమం ఉన్నందున, ఆ సమయంలో బొగ్గు కేంద్రాల ఉత్పత్తిని తగ్గించాలి. తగ్గించినా వాటి స్థిర చార్జీలు చెల్లించక తప్పదు. కనుక గాలి కరెంటుకు ఇచ్చే 4.84 రూపాయలతో ఆదా అయ్యేది బొగ్గు ఖర్చు మాత్రమే, ఆ బొగ్గు ఖర్చు 4.84 కన్నా తక్కువ. ఈ తేడా ప్రభుత్వంపైనో, వినియోగదారులపైనో పడుతుంది. వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ఇచ్చే రాష్ట్రంలో అప్పటికే నష్టాలలో ఉన్న సంస్థలకు ఇది చిన్న విషయం కాదు. దీనికి తోడు కేంద్రమిచ్చే 50 పైసల ప్రోత్సాహకాన్ని కొనుగోలు ధర నుంచి మినహాయించుకోవాలని పంపిణీ సంస్థలు, అది ఉత్పత్తిదారుకు అదనంగా ఇచ్చినదని కంపెనీలు మరొక పంచాయితీ నడిపాయి.

2019 మేలో అధికారంలోకి వచ్చిన వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి ప్రభుత్వం జూలై 1న జి.ఓ. 63 ద్వారా ఉన్నత స్థాయి సంప్రదింపుల సంఘాన్ని నియమించింది. పవన, సౌర విద్యుత్ ఒప్పందాల ధరలను తగ్గించడం దాని పని. పవన విద్యుత్తు ధరను 2.43 రూపాయలకు, సౌర విద్యుత్తు ధరను 2.44 రూపాయలకు తగ్గించుకోవాలని, లేనిచో ఒప్పందాలు రద్దుకాగలవని కంపెనీలకు లేఖలు వెళ్ళాయి. పవన విద్యుత్తుకు సూచించిన ధర గుజరాత్ వేలంలో పలికినదే. ఒక్క మెగావాట్‌కు పై లెక్క ప్రకారం 4.84కు, 2.43కు మధ్య తేడా ఏటా దాదాపు 50 లక్షల రూపాయలు. ఇది ఉత్పత్తిదారుకు అప్పు తీర్చగలగడానికీ, తీర్చలేకపోవడానికీ మధ్య ఉన్న తేడా.

కంపెనీలు ఉన్నత న్యాయస్థానాన్ని ఆశ్రయించాయి. 2015-16లో యంత్రాల ధరలు, వడ్డీలు వేరని, గుజరాత్ గాలితో రాయలసీమ గాలిని పోల్చరాదని, వేలంలో గెలిచినవారు అప్పటికింకా కట్టనైనా లేదని వాదించాయి. ధర నిర్ణయించినది తాము కాదని, బహిరంగ విచారణ జరిపి మండలి నిర్ణయించిందని గుర్తుచేశాయి. చెల్లింపులు ఆపివేశారని, తమ ఉత్పత్తిని అకారణంగా తగ్గిస్తున్నారని ఆరోపించాయి. కేంద్ర విద్యుత్ శాఖ మంత్రి ఆర్.కె. సింగ్ ఒప్పందాలను తిరగదోడవద్దని ముఖ్యమంత్రికి వ్రాశారు. జపాన్ రాయబారి కూడా పెట్టుబడుల విషయమై ఆందోళన తెలుపుతూ లేఖ వ్రాశారు.

2019 సెప్టెంబరు 24న హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం జి.ఓ. 63ను కొట్టివేసి, ధరల విషయాన్ని నియంత్రణ మండలి తేల్చాలని, అంతవరకు మధ్యంతరంగా 2.43, 2.44 రూపాయల చొప్పున చెల్లించాలని ఆదేశించింది. ఆచరణలో ఇది ప్రభుత్వం కోరిన ధరే కావడం వలన ఇరుపక్షాలూ గెలిచినట్లు, ఓడినట్లు అయింది. 2022 మార్చి 15న ద్విసభ్య ధర్మాసనం దీనిని మార్చి, ఒప్పందంలోని పూర్తి ధర ప్రకారం బకాయిలను ఆరు వారాలలో చెల్లించాలని తీర్పు ఇచ్చింది. అదే ఏడాది జూన్‌లో కేంద్రం తెచ్చిన ఆలస్యపు చెల్లింపుల నిబంధనలు దేశంలోని పంపిణీ సంస్థలన్నిటికీ పాత బకాయిలను గరిష్ఠంగా 48 నెలసరి వాయిదాలలో తీర్చుకొనే వీలు కల్పించాయి.

ఈ వివాదంలో ఎవరి వాదన సబబైనా, ఫలితం మాత్రం అంకెలలో స్పష్టంగా కనిపిస్తుంది. 2019 మార్చిలో 4,090 మెగావాట్లున్న రాష్ట్ర పవన విద్యుత్ సామర్థ్యం అయిదేళ్ళ తరువాత 2024 మార్చిలో 4,096 మెగావాట్లు. 2024 అక్టోబరులో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానాన్ని ప్రకటించి మళ్ళీ పెట్టుబడులను ఆహ్వానించింది.

'''బొగ్గుతో పోలిక'''

పవన విద్యుత్తుకు రాయితీలెందుకన్న ప్రశ్నకు సమర్థకులు సాధారణంగా ఇచ్చే జవాబు బొగ్గు చేసే నష్టానికి ధర కట్టడం లేదన్నది. బొగ్గు కేంద్రాల గంధక కాలుష్యానికి 2015 డిసెంబరులో నియమాలు చేసి, గడువును పలుమార్లు పొడిగించి, చివరకు 2025 జూలైలో ఎక్కువ కేంద్రాలకు శుద్ధి యంత్రాలు పెట్టడం నుంచి మినహాయింపు ఇచ్చారు. పెట్టని యంత్రం ఖర్చు బొగ్గు కరెంటు ధరలో చేరలేదు, దాని పొగ పీల్చినవారి ఖర్చూ చేరలేదు.

ఈ లెక్కను సరిచేసే ప్రయత్నంగా 2010లో టన్ను బొగ్గుపై 50 రూపాయల స్వచ్ఛ ఇంధన సుంకం విధించారు. అది 2016 నాటికి 400 రూపాయలైంది. ఆ సొమ్ము పునరుత్పాదక ఇంధనానికి నిధిగా ఉండాలన్నది ఉద్దేశం. కాని 2017లో వస్తు సేవల పన్ను వచ్చినపుడు దానిని రాష్ట్రాల పరిహార సుంకంలో కలిపివేశారు. 2025 సెప్టెంబరులో ఆ సుంకాన్ని తీసివేసి, బొగ్గుపై పన్నును 5 నుంచి 18 శాతానికి పెంచారు. అదే సమయంలో గాలిమరల సామగ్రిపై పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గింది.

వ్యతిరేకుల జవాబు గాలి స్వభావం గురించినది. గాలి అడిగినప్పుడు రాదు. సాయంత్రపు గరిష్ఠ డిమాండుకు వేరే కేంద్రమో, నిల్వ సదుపాయమో సిద్ధంగా ఉంచాలి. ఆ ఖర్చును పవన విద్యుత్ ధరలో చూపనంతకాలం అది చవక అనడం సరికాదని వారి వాదన. ఇందులో నిజమున్నది. అయితే తమిళనాడు వంటి రాష్ట్రాలలో సూర్యుడు అస్తమించిన తరువాత కూడా గాలి వీయడం వలన, సౌర విద్యుత్తు పెరిగేకొద్దీ పవన విద్యుత్తు విలువ పెరుగుతున్నదన్న వాదన ఇటీవల బలపడింది. ఈ రెండింటినీ కలిపి వేలం వేయడం అందువలననే.

'''భూమి, లెక్కకు రాని రాయితీ'''

2006 పర్యావరణ ప్రభావ మదింపు ప్రకటన పరిధిలో పవన విద్యుత్ కేంద్రాలు లేవు. ఎంత పెద్ద క్షేత్రానికైనా ఆ ప్రకటన కింద ముందస్తు మదింపు, ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదు. దీనిని డబ్బులో లెక్కించని రాయితీగా విమర్శకులు పేర్కొంటారు. అనంతపురం జిల్లాలో, నేటి శ్రీ సత్యసాయి జిల్లా ప్రాంతంలో, టింబక్టు కలెక్టివ్ తోడ్పాటుతో గ్రామస్థులు 1990ల నుంచి పెంచుకున్న కల్పవల్లి అడవి ఇందుకు తరచు చెప్పే ఉదాహరణ. రెవెన్యూ రికార్డులలో బంజరుగా ఉన్న ఆ కొండలను గాలిమరలకు కేటాయించారు. రోడ్ల కోసం కొండచరియలు తవ్వడంతో పచ్చిక, నీటి దారులు దెబ్బతిన్నాయని గ్రామస్థులు ఫిర్యాదు చేశారు. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. గొర్రెల కాపరికి ఆ బంజరే బతుకుతెరువు. కాగితం మీద అది ఎవరికీ చెందని భూమి కనుక అతని నష్టం యూనిట్ ధరలో ఎక్కడా కనిపించదు. మరోవైపు, వర్షాభావంతో పంటలు పండని చోట భూమిని అమ్మో, కౌలుకిచ్చో నికరమైన సొమ్ము పొందిన రైతులూ ఇదే జిల్లాలో ఉన్నారు.

'''ఇటీవలి పరిణామాలు'''

2025 మార్చి చివరికి దేశపు పవన విద్యుత్ సామర్థ్యం 50,000 మెగావాట్లు దాటింది. చైనా, అమెరికా, జర్మనీల తరువాత ఇది నాలుగవ స్థానం. నేరుగా ఇచ్చే నగదు ప్రోత్సాహకాలు నేలమీది గాలిమరలకు 2017 తరువాత కొత్తగా మంజూరు కాలేదు. అంతర్రాష్ట్ర ప్రసార చార్జీల పూర్తి మాఫీ 2025 జూన్ 30లోగా ప్రారంభమైన కేంద్రాలకే వర్తించింది. ఆ తరువాత ప్రారంభమయ్యేవాటికి మాఫీ ఏటా 25 శాతం చొప్పున తగ్గుతుంది.

రాయితీ చర్చ ఇప్పుడు సముద్రం మీదికి మారింది. సముద్రంలో గాలిమరలకు ఖర్చు చాలా ఎక్కువ. 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం గుజరాత్, తమిళనాడు తీరాలలో 500 మెగావాట్ల చొప్పున రెండు కేంద్రాల కోసం 7,453 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. ఇందులో 6,853 కోట్లు కేంద్రాలకు నిధుల కొరత పూడ్చడానికి, 600 కోట్లు రెండు ఓడరేవుల అభివృద్ధికి. మెగావాట్‌కు సుమారు 6 కోట్ల 85 లక్షల రూపాయలు పడే ఈ సహాయం, నేలమీది గాలిమరకు ఇచ్చిన కోటి రూపాయల పరిమితితో పోలిస్తే దాదాపు ఏడు రెట్లు.